కాన్వెంట్‌లోని పటాలు, స్వరూపాలు ఎక్కడివి? తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి వైపు సిస్టర్ల కాన్వెంట్‌కి అడ్మిషన్ పని మీదో, క్రిస్మస్‌కి పశువుల పాక చూడడానికో వెళ్లినవాళ్లు వరండాలో కాసేపు కూర్చుంటారు. అద్దాల బీరువాలో మరియమ్మ, గోడ మీద గుండె చూపిస్తున్న యేసు, మెట్ల మలుపులో పసిబిడ్డను ఎత్తుకున్న ఒక సన్యాసి కనిపిస్తారు. "ఇవన్నీ ఎక్కడివి సిస్టర్?" అని అడిగితే "మేం రాకముందు నుంచే ఉన్నాయండీ" అంటారు. ఈలోపు బెల్లు కొడతారు, సిస్టర్ క్లాసుకు వెళ్లిపోతారు. అక్కడ ఆగిపోయిన మాటలే ఇవి. కాన్వెంట్ అని రాసినచోటల్లా స్కూలు వెనక సిస్టర్లు నివసించే మఠం అనే అనుకోండి.

ఇవన్నీ కాన్వెంట్ కొనుక్కున్నవేనా?

చాలావరకు కాదు. సిస్టర్లు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు తీసుకుంటారు. చేతి గడియారం కూడా "నాది" అనరు, "కమ్యూనిటీది" అంటారు. అలాంటి చోట కూర్చుని ఎంచి, బేరమాడి కళాఖండాలు కొనే మనిషి ఉండరు. మ్యూజియం సేకరిస్తుంది, కాన్వెంట్‌కు వస్తువులు వాటంతట అవే వచ్చి చేరతాయి. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ముందు వచ్చేది స్థాపించిన సిస్టర్ల ట్రంకు పెట్టెలతో. 1827లో క్లూనీ సిస్టర్లు పాండిచ్చేరిలో దిగారు. ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సంఘం 1877లో ఊటీలోనే పుట్టింది. జేఎంజే సిస్టర్లు నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరు వచ్చారు. ఏ దేశంవాళ్లు ఊళ్లో అడుగుపెడితే ఆ దేశపు అభిరుచి గోడకెక్కింది. ఫ్రెంచివాళ్లయితే లూర్దు మాత, ఇటలీవాళ్లయితే పాదువా అంతోనివారు, అంటే పసిబిడ్డను ఎత్తుకున్న ఆ సన్యాసి. సంఘం ఏదో తెలిస్తే సగం స్వరూపాలు, అంటే విగ్రహాలు, ఎవరివో లోపలికి వెళ్లకుండానే చెప్పేయొచ్చు.

తర్వాత దాతలు. కొడుక్కి జబ్బు నయమైందని ఒకరు, అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని ఒకరు, వేళాంగణి వెళ్లొస్తూ ఆరోగ్యమాతను తెచ్చిన పూర్వ విద్యార్థిని ఒకరు. దాతల్లో హిందూ కుటుంబాలు కూడా బాగానే ఉంటాయి. మొక్కు తీరాక ఏదో ఒకటి ఇవ్వడం ఈ జిల్లాలో కొత్తగా నేర్చుకోవాల్సిన పనేం కాదు కదా.

ఇంకో దారి ఎవరికీ తట్టదు. ఎక్కడో ఒక కాన్వెంట్ మూతపడుతుంది, అక్కడి సామాన్లు పక్క ఊరి కాన్వెంట్‌కి వస్తాయి. ఒకే వరండాలో ఇద్దరు జోజప్పలు (మరియమ్మ భర్త) ఎందుకున్నారని అడిగితే తొంభై పాళ్లు జవాబు ఇదే.

ఇదంతా ఎక్కడైనా రాసి ఉంటుందా?

చాలా మఠాల్లో క్రానికల్ అనే పుస్తకం రాస్తారు. ఆ రోజు ఎవరు వచ్చారు, బావిలో నీళ్లు ఎంత లోతుకి పోయాయి, కలరా ఎవరికి తగిలింది, మద్రాసు నుంచి పెట్టె ఎప్పుడు దిగింది, అన్నీ అందులోనే. పాతవి ఫ్రెంచిలోనో ఇటాలియన్‌లోనో ఉంటాయి. కళ గురించి వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే రాసినవాళ్లకు అది కళ కాదు. పెట్టెలు, బండ్లు, రైలు పార్సిళ్లు, పండుగలు ఉన్న పేజీలు చూడాలి. చాపెల్ (మఠంలోని చిన్న ప్రార్థనాలయం) ప్రతిష్ఠ జరిగిన రోజు పేజీలో సగం సంగతి బయటపడుతుంది.

వెనకటికి సిస్టర్లు కట్నం తెచ్చేవారట, నిజమేనా?

నిజమే. యూరప్‌లో వందల ఏళ్లు కన్యాస్త్రీగా చేరే అమ్మాయి మఠానికి కట్నం తేవాలి. పెళ్లికిచ్చే కట్నం కన్నా ఇది తక్కువ. అందుకే ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలున్న పెద్దింటివాళ్లు ఒకరిని మఠానికి పంపేవారు. డబ్బుతో పాటు పటాలు, వెండి సామాన్లు, బాల యేసు బొమ్మలు వచ్చేవి. ఫ్లోరెన్స్‌లో 15వ శతాబ్దంలో పెళ్లికూతురికిచ్చినట్టే మఠానికి పోయే అమ్మాయికీ బట్టలు తొడిగిన బాల యేసు బొమ్మ ఇచ్చేవారు.

రాజవంశాలవాళ్లు చేరితే ఇక చెప్పక్కర్లేదు. మాడ్రిడ్‌లోని డెస్కాల్జాస్ రియాలెస్ మఠాన్ని 1559లో హువానా అనే రాకుమారి స్థాపించింది. లోపల ఉండేది వట్టికాళ్లతో తిరిగే పేద క్లారా సిస్టర్లు, గోడల మీద ఉన్నది రూబెన్స్ అనే పేరుమోసిన చిత్రకారుడు డిజైన్ చేసిన భారీ తివాచీ తెరలు. 1620లలో ఇసాబెల్ క్లారా యూజీనియా అనే మరో రాకుమారి వాటిని చేయించి ఇచ్చింది. సిస్టర్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు, కొంత భాగాన్ని 1960 నుంచి జనానికి చూపిస్తున్నారు.

మన దేశంలో అయితే గోవా. పాత గోవాలోని సాంతా మోనికా కాన్వెంట్ 1606లో మొదలైంది, 1627కి కట్టడం పూర్తయింది. 1636లో కాలిపోతే వెంటనే మళ్లీ కట్టారు. అగస్టీనియన్ సిస్టర్లది. పోర్చుగీసు పెద్దింటి వితంతువులు, ఆడపిల్లలు ఆస్తులతో సహా ఇందులో చేరిపోతుంటే, ఊళ్లో సొమ్మంతా గోడల వెనక్కి పోతోందని నగర పాలకులు పోర్చుగల్ రాజుకు ఫిర్యాదులు రాశారు. గోడల మీద చిత్రాలు, చెక్కిన పీఠాలు, బంగారు పూత అన్నీ ఆ సొమ్ముతోనే వచ్చాయి. 1830లలో పోర్చుగల్ మఠాలను రద్దు చేసింది. ఉన్న సిస్టర్లను ఉండనిచ్చారు గానీ కొత్తవాళ్లను చేర్చుకోనివ్వలేదు. చివరి సిస్టర్ 1885లో చనిపోయింది.

మన జిల్లాలకు వచ్చిన సిస్టర్లు ఈ బాపతు కాదు. వీళ్లు బడి, ఆస్పత్రి నడపడానికి వచ్చినవాళ్లు. ఇక్కడ రూబెన్స్ దొరకడు.

గోవాలో ఆ కాన్వెంట్‌లోనే మ్యూజియం ఉంది కదా? అందులోవన్నీ ఆ సిస్టర్లవేనా?

అలా అనిపిస్తుంది గానీ కాదు. మ్యూజియం ఆఫ్ క్రిస్టియన్ ఆర్ట్ 1994లో రాచోల్ సెమినరీలో మొదలైంది, 2002లో సాంతా మోనికాకు మారింది. వస్తువులు గోవా అంతటా చర్చిల నుంచి, ఇళ్ల నుంచి వచ్చినవి. గోడలు కాన్వెంట్‌వి, సరుకు చాలావరకు బయటిది. గోవా వెళ్తే బీచ్ ఒక పూట తగ్గించుకుని చూడండి. దంతపు పనులు దగ్గరగా చూస్తే చెక్కిన చేతులు మన దేశంవని తెలిసిపోతుంది.

ఆ చేతుల సంగతికీ ఒక కథ ఉంది. క్రైస్తవ స్వరూపాలను హిందూ శిల్పులతో చేయించకూడదని 16వ శతాబ్దంలో గోవా చర్చి పెద్దలు నియమం పెట్టారు. మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అంటే ఎవరూ పాటించలేదనే లెక్క.

మన వైపు క్రైస్తవ చిత్రాలు మొదట ఎప్పుడొచ్చాయి?

ఇంగ్లీషువాళ్లతో వచ్చాయని చాలామంది అనుకుంటారు. అంతకు చాలా ముందే చంద్రగిరికి వచ్చాయి.

1598లో జెసూట్ అనే కతోలిక సంఘం గురువులు (ఫాదర్లు) వెంకటపతి రాయల కొలువుకు వచ్చారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి చేరిన కాలమది. 1586 నుంచి 1614 వరకు ఏలిన ఈ వెంకటపతి రాయలనే తిరుమల గుడిలోకి వెళ్తూ మనం దాటిపోతాం. శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో నిలబడ్డ మండపంలోనే ఈయన రాగి ప్రతిమ ఉంది. జయవిజయుల కోసం మెడ చాచి చూసే తొందరలో ఎవరూ పట్టించుకోరు.

రాయలు వేంకటేశ్వరుని భక్తుడు, అందులో ఇసుమంత మార్పు రాలేదు. కానీ ఆయనకు బొమ్మలంటే మోజు. జెసూట్లు అది కనిపెట్టి, బోధించేవాళ్లతో పాటు గీసేవాళ్లను కూడా పంపారు. అలెగ్జాండర్ ఫ్రే అనే ఇంగ్లీషు బ్రదర్ 1602 ప్రాంతంలో వచ్చాడు. క్రీస్తు జీవిత ఘట్టాలు గీసి రాజుకు చూపించి, ఏది ఏమిటో వివరించేవాడు. తర్వాత బర్తలోమియో ఫొంతెబోనా అనే ఇటాలియన్ చిత్రకారుడు వచ్చాడు. కొలువు వేలూరుకు మారాక కూడా ఈ చిత్రాల పని సాగింది. తిరుపతి నుంచి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని ఊళ్లో ఒక ఇంగ్లీషువాడు రాయలవారికి క్రీస్తు కథ బొమ్మలు గీసి చూపించాడంటే, నాకైతే ఈ ప్రాంత చరిత్రలో ఇంతకన్నా సరదా అయిన సంగతి కనబడలేదు.

ఇందులో రాజకీయం లేదని కాదు. మైలాపూరు పక్కన శాంతోమ్‌లో పోర్చుగీసువాళ్లు, 1610 నాటికి పులికాట్‌లో డచ్చివాళ్లు. రాయల మొగ్గు ఎటుంటే వ్యాపారం అటు. చిత్రం అక్కడ నైవేద్యమూ అవును, నజరానా కూడా అవును. దీనికి ముందే 1580లో ఫతేపూర్ సిక్రీలో అక్బరు దగ్గర ఇదే జరిగింది. రోములోని ప్రసిద్ధ మరియమాత చిత్రం నకలును జెసూట్లు ఆయనకు చూపించారు. మొఘల్ చిత్రకారులు ఐరోపా బొమ్మలు చూసి తమ పద్ధతిలో గీయడం మొదలుపెట్టారు.

చంద్రగిరి కోటకు వెళ్లి వీటి కోసం వెతక్కండి. రాజమహల్ మ్యూజియంలో చూడాల్సినవి రాతి, కంచు విగ్రహాలు.

పుంగనూరుకు దీనితో సంబంధం ఉందా?

ఉంది, కానీ అది వేరే అధ్యాయం. 18వ శతాబ్దం మొదట్లో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి జెసూట్లు కర్నాటక మిషన్ అని మొదలుపెట్టి పుంగనూరు వైపు వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మాని సన్యాసుల్లా బతికారు. తెలుగు కతోలికుల పాత కుటుంబాలు కొన్ని అక్కణ్నుంచే లెక్క చెప్పుకుంటాయి. 1773లో పోపు జెసూట్ సంఘాన్నే రద్దు చేయడంతో మిషన్ చితికిపోయింది. తర్వాత ఈ ప్రాంతం 1928లో నెల్లూరు మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందికి, 1976లో కడప మేత్రాసనం కిందికి వచ్చింది. ఈ మార్పుల్లో ఫైళ్లు ఒకచోట, వస్తువులు ఒకచోట ఉండిపోయాయి. ఫలానా స్వరూపం ఎక్కడిదని వెతికేవాళ్లు నెల్లూరు వైపు కూడా అడగాలి.

మరి చిత్తూరులో కొన్ని పాత చర్చిల్లో ఒక్క స్వరూపం కూడా లేదేం?

అవి ప్రొటెస్టెంట్ చర్చిలు. 1853లో స్కడర్ కుటుంబం మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ చిత్తూరులో, తర్వాత మదనపల్లెలో పనిచేసింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు వచ్చారు. వాళ్ల గోడల మీద వాక్యం ఉంటుంది, బొమ్మ దాదాపు ఉండదు.

ఈ స్వరూపాలు దేనితో చేసినవి? ఎక్కడ చేశారు?

ఎక్కువభాగం ప్లాస్టర్ ఆఫ్ పారిస్. చిత్తూరులో ఒక కాన్వెంట్ స్టోర్‌రూమ్‌లో అంతోనివారి స్వరూపం ఉంది, ఎడమచేతి రెండు వేళ్లు విరిగిపోయాయి. విరిగినచోట సుద్దలా తెల్లగా ఉంది, మధ్యలో తుప్పు పట్టిన సన్నటి తీగ. అంగీ అంచు పెచ్చు లేచినచోట లోపలి నుంచి పీచు బయటికొచ్చింది. పలచగా పోసిన ప్లాస్టర్ పగలకుండా పీచు కలిపి అచ్చులో పోస్తారు. తట్టి చూస్తే డొల్ల మోత. కళ్లు మాత్రం గాజువి, చెక్కుచెదరలేదు. అడుగున తిప్పితే అచ్చు నంబరు ఉంది.

ఇలాంటివి 19వ శతాబ్దంలో ప్యారిస్‌లోని సెయింట్ సుల్‌పీస్ చర్చి చుట్టుపక్కల దుకాణాల్లో వేలకొద్దీ తయారయ్యేవి. ఆ వీధి పేరే ఆ శైలికి పేరైపోయింది. కేటలాగ్ చూసి, ఎత్తు చెప్పి, రంగు చెప్పి ఆర్డర్ ఇచ్చేవారు. జర్మనీలో మ్యూనిక్, చెక్క స్వరూపాలకు టిరోల్ కొండల్లోని ఓర్టిసేయి ఊరు పేరుపడ్డాయి. చెక్కది అయితే బరువును బట్టి, వెనక నిలువునా పారిన చీలికను బట్టి తెలిసిపోతుంది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చినవి మద్రాసు నుంచో కేరళ నుంచో వచ్చాయి. ఇటీవలివి ఫైబర్. పెద్ద స్వరూపాన్ని ఒక్క చేత్తో ఎత్తగలిగితే ఫైబరే.

కళ తెలిసినవాళ్లు సెయింట్ సుల్‌పీస్ అనగానే మూతి ముడుస్తారు, అచ్చుబొమ్మలని. నేను ఒప్పుకోను. ఓడలో మద్రాసు దాకా, అక్కణ్నుంచి రైల్లో, ఎద్దుబండి మీద వచ్చి, నూరేళ్లు చిత్తూరు ఎండను తట్టుకున్న వస్తువుకి దాని మర్యాద దానికుంది.

స్వరూపం ఎంత పాతదో చూసి చెప్పొచ్చా?

వయసు కచ్చితంగా చెప్పలేం గానీ, ఏ సంవత్సరం కంటే ముందుది కాదో మాత్రం చాలాసార్లు చెప్పొచ్చు. ముందు అది ఎవరో గుర్తుపట్టాలి.

తెల్లటి బట్ట, నీలం నడికట్టు, పాదాల మీద బంగారు గులాబీలు ఉంటే లూర్దు మాత. ఫ్రాన్సులోని లూర్దులో మరియమ్మ కనిపించిందని చెప్పే దర్శనాలు 1858లో, ఫాబీష్ చెక్కిన అసలు పాలరాతి స్వరూపం 1864లో. కాబట్టి మీదగ్గరున్నది ఆ తర్వాతిదే. ఫాతిమా మాత అయితే 1917 దర్శనాలు, 1920లో తొలి స్వరూపం. గులాబీలు, సిలువ పట్టుకున్న చిన్న తెరేజమ్మకు పునీత పట్టం 1925లో వచ్చింది. గుండెలోంచి ఎరుపు, తెలుపు కిరణాలు వస్తున్న యేసు అయితే 1934కి ముందుది అయ్యే అవకాశమే లేదు. ఫౌస్తీనా అనే పోలండ్ సిస్టర్ చెప్పగా కజిమిరోవ్‌స్కీ అనే చిత్రకారుడు ఆ ఏడు విల్నియస్‌లో మొదట గీశాడు. "ఇది మా తాత ముత్తాతల నాటిది" అని ఎవరైనా ఆ పటం చూపిస్తే వాదించకండి, తలూపి ఊరుకోండి.

కిరీటం పెట్టుకుని, చేతిలో గోళం పట్టుకున్న బాల యేసు ప్రాగ్ నగరం నుంచి వచ్చిన రూపం. 1628లో పొలిక్సేనా అనే ప్రభుపత్ని అక్కడి కార్మెలైట్ సన్యాసులకు ఇచ్చింది. ఇంట్లో తల్లి నుంచి కూతురికి వచ్చిన బొమ్మ, మఠానికి దానమై, తర్వాత ప్రపంచమంతా నకళ్లు తిరిగింది.

గోడ పొడవునా సిలువమార్గం చిత్రాలు, అంటే యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాలు, ఉంటే లెక్కపెట్టండి. పద్నాలుగు ఉంటాయి. ఆ లెక్కను 1731లో పోపు 12వ క్లెమెంట్ ఖాయం చేశారు.

గోడ మీది పటాలు చేత్తో గీసినవా, అచ్చువా?

పదింట తొమ్మిది అచ్చు. నమ్మకం లేకపోతే భూతద్దం పెట్టి ముఖం మీద బుగ్గ భాగం చూడండి. చుక్కలు వరసలు కట్టి ముగ్గు దిద్దినట్టు ఉంటే ఆఫ్‌సెట్, కొత్తది. చుక్కలు చెల్లాచెదురుగా, ఇసుక చల్లినట్టు ఉంటే రాతి అచ్చు, అంటే క్రోమోలిథోగ్రాఫ్. అది నూరేళ్ల నాటిది కావచ్చు. కొన్నింటికి మీద వార్నిష్ పూసి, కాన్వాసులా గరుకు నొక్కి ఆయిల్ పెయింటింగ్ అనిపించేవారు. వాటినే ఓలియోగ్రాఫ్ అంటారు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ లక్ష్మి, సరస్వతి పటాలను ఇంటింటికీ చేర్చింది ఈ పద్ధతిలోనే. ఒకే కాలంలో ఒకే రకం యంత్రం మన పూజగదికీ, సిస్టర్ల చాపెల్‌కీ పటాలు పంపింది. జర్మనీ, ఇటలీ ముద్రణ అయితే కింది అంచులో సన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు ఫ్రేమ్ కొట్టినవాడు ఆ అంచును లోపలికి మడిచేసి ఉంటాడు.

అసలువి ఎక్కడున్నాయో కూడా అడుగుతారు. నిత్య సహాయమాత చిత్రం రోములోని సెయింట్ అల్ఫోన్సస్ చర్చిలో ఉంది. క్రీట్ దీవి శైలిలో చెక్క మీద గీసినది. దాన్ని 9వ పయస్ పోపు రిడెంప్టరిస్ట్ అనే సంఘం గురువులకు అప్పగించారు, 1866లో అక్కడ ప్రతిష్ఠించారు. బిడ్డ కాలి చెప్పు ఊడి వేలాడుతుంటుంది, గమనించండి. ఇరువైపులా దేవదూతలు సిలువ, బల్లెం చూపిస్తుంటే బిడ్డ భయపడి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. యేసు గుండె చూపిస్తున్న తిరుహృదయం పటాల్లో చాలావాటికి మూలం పొంపేయో బతోనీ 18వ శతాబ్దంలో గీసిన చిత్రం. అది రోములోని జేసు చర్చిలో ఉంది.

సిస్టర్లే గీసినవి ఉండవా?

ఉంటాయి, చిన్నచూపు చూడొద్దు. తిరుహృదయం సంగతే తీసుకోండి. బతోనీ కంటే చాలా ముందు, 1685 జూలైలో ఫ్రాన్సులోని పారే లె మొన్యాల్ మఠంలో మార్గరెట్ మేరీ అలకోక్ దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయిలు ఆమె పండుగకి కానుకలు ఇవ్వబోయారు. నాకొద్దు, యేసు హృదయానికి చేయండి అందామె. కాగితం మీద కలంతో గీసిన ఒక గుండె బొమ్మ పెట్టి చిన్న పీఠం అలంకరించారు. ఇవాళ మన ఊళ్లో కేలండర్ల దాకా వచ్చిన రూపానికి తొలి మెట్లలో అదొకటి.

ఫ్లోరెన్స్‌లో ప్లౌతిల్లా నెల్లి (1524–1588) అనే సిస్టర్ ఏకంగా ఏడు మీటర్ల కడరా భోజనం (లాస్ట్ సప్పర్) గీసింది. తన మఠం భోజనశాల కోసం. శతాబ్దాలు పక్కన పడి ఉన్న ఆ చిత్రాన్ని బాగుచేసి 2019లో సాంతా మరియా నొవెల్లా మ్యూజియంలో పెట్టారు. గురువు దగ్గర బయటికెళ్లి నేర్చుకునే వీల్లేని కాలంలో, గోడల మధ్య కూర్చుని, తోటి సిస్టర్లకు నేర్పిస్తూ చేసిన పని.

మన వైపు సిస్టర్ల చేతిపని ఎక్కువగా బట్ట మీద ఉంటుంది. గురువులు పూజకు వేసుకునే వస్త్రాలు, పీఠం మీది గుడ్డలు, జరీతో కుట్టిన ద్రాక్షగుత్తులు, గోధుమ కంకులు. అవి సాక్రిస్టీ (పూజ సామాన్లు ఉంచే గది) అల్మారాలో నాఫ్తలీన్ ఉండల మధ్య మడతపెట్టి ఉంటాయి, ఎవరూ చూపించరు. అడిగి చూడాలి. కాన్వెంట్‌లో అచ్చంగా ఒకటే ఉన్న వస్తువు, ఇంకెక్కడా నకలు లేని వస్తువు కావాలంటే ఆ అల్మారాలోనే.

చీర కట్టిన మరియమ్మ ఈమధ్య ఫ్యాషనా?

కాదు. గోవాకు చెందిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) శాంతినికేతన్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర నేర్చుకుని, పూనాలో ఉంటూ, మరియమ్మను మన ఆడపడుచులా గీశాడు. సొంత ఊళ్లోనే తిట్లు తిన్నాడు. 1962–65లో కతోలిక బిషప్‌లు జరిపిన రెండో వాటికన్ మహాసభ తర్వాత ఇలాంటివాటికి తలుపులు తెరుచుకున్నాయి.

మనకు పక్కనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీలో రామాయణ, భారతాలే కాక క్రీస్తు కథ కూడా గీశారు. పని పద్ధతి ఒకటే. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేయడం, చింతబొగ్గుతో గీతలు, పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన కసిమితో నల్లగీత, ఎరుపు కోసం పటిక, మధ్యమధ్య స్వర్ణముఖి నీళ్లలో ఉతుకు. అందులో క్రీస్తు శిష్యుడు పేతురుకు మీసం మెలితిరిగి ఉంటుంది, కళ్లు చెవుల దాకా సాగుతాయి. నాకు ఆ పేతురే ఎక్కువ నచ్చుతాడు.

మా కాన్వెంట్‌లో సిలువ ఎర్రచందనందట. నిజమేనా?

కావచ్చు. శేషాచలం అడవుల చెట్టు, తిరుపతి, మాధవమాల చెక్కపనివాళ్లకు చేతికి అలవాటైన కర్ర. బరువు చూడండి, ఎర్రచందనం నీళ్లలో మునుగుతుంది. వాసన కోసం చూడకండి, మంచిగంధంలా పరిమళించదు. పాతదైతే గోడ మీదే ఉండనివ్వండి. దాన్ని అమ్మాలన్నా, వేరే ఊరికి తరలించాలన్నా అటవీశాఖ కాగితాలు కావాలి, లేదంటే అనవసరమైన టెన్షన్.

దంతపువి ఉంటే?

మన దేశంలో దంతం వ్యాపారం నిషేధం. 1986లో దేశీయ దంతానికి, 1991లో దిగుమతి దంతానికి నిషేధం వచ్చింది. గోవా పనుల్లో ఎక్కువభాగం ఆఫ్రికా దంతమే. మీ దగ్గరున్నది చాలాసార్లు ఎముకో, సెల్యులాయిడో అవుతుంది. నిజంగా దంతమే అనిపిస్తే బేరం మాట రానివ్వకండి. 1972 పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు దేశం దాటించకూడదు. కొన్ని రకాలు నమోదు చేయించాలి కూడా.

అంత మంచివి స్టోర్‌రూమ్‌లో ఎందుకు పడేశారు?

రెండో వాటికన్ సభ 1963లో ఆరాధన మీద ఇచ్చిన పత్రంలో, చర్చిల్లో స్వరూపాలు ఉండొచ్చు గానీ సంఖ్య మితంగా ఉండాలంది. కొందరు దాన్ని మితంగా తీసుకోలేదు. ఒక్క వేసవిలో చాపెల్ ఖాళీ చేసి, పీఠం గోడ నుంచి ముందుకు జరిపి, ఉన్నవన్నీ మెట్ల కిందికి తోసేశారు. చెదలు అక్కడే ఎదురుచూస్తున్నాయి. చిత్తూరు జిల్లాలో చెక్క స్వరూపానికి కాలం కంటే చెదలే పెద్ద శత్రువు.

దానికి తోడు రంగులు. పండుగకి ముందు ఎవరో పుణ్యానికి ఎనామిల్ డబ్బా కొనిస్తారు. గేట్లకు వేసే పెయింటరే జోజప్పకూ వేస్తాడు. పెదాలు ఎర్రగా, కనుబొమలు బొగ్గుతో దిద్దినట్టు తయారవుతాయి. కింద ఉన్న అసలు రంగు, బంగారు అంచు పోయినట్టే. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, కానీ వద్దని చెప్పాలి. ఉత్త మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు, తడిగుడ్డ కూడా వద్దు. తడి తగిలితే ప్లాస్టర్ మెత్తబడుతుంది.

పూర్తిగా విరిగిపోతే?

ఆశీర్వదించిన వస్తువు కాబట్టి చెత్తలో వేయరు. కాలేదైతే కాలుస్తారు, లేదంటే తోటలో మట్టిలో పూడుస్తారు. పూడ్చేముందు అడుగునున్న నంబరు, పేరు ఫోటో తీసుకోమని సిస్టర్లతో ఒక మాట అనండి.

మా ఇంట్లో నానమ్మ ఇచ్చిన పాత పటం ఉంది. ఎక్కడిదో ఎలా తెలుసుకోవాలి?

ముందు వైపు కంటే వెనకవైపు ఎక్కువ చెబుతుంది. గోడ మీంచి దింపి బోర్లించండి. మేకులు చేత్తో కొట్టినవా, మిషన్‌వా? అద్దం అలలుగా ఉందా? వెనక అట్ట ఏదైనా పెట్టెదా? దుమ్ము రాకుండా అంటించిన పాత పేపరు ఉంటే దాని మీద తేదీ దొరుకుతుంది. అది ఫ్రేమ్ కట్టిన కాలం, పటం అంతకన్నా పాతది కావచ్చు. ఫ్రేమ్ కొట్టిన షాపు చీటీ, పెన్సిల్ రాత, ఒక పేరు, మొక్కు తీర్చుకున్న సంగతి ఏదున్నా చింపకండి. కొత్త ఫ్రేమ్ వేయించేటప్పుడు పాత అట్టను పారేయకుండా కవర్‌లో పెట్టి పటం వెనకే ఉంచండి. షాపువాడు వద్దన్నా వినకండి.

కాన్వెంట్‌కి వెళ్లి చూడొచ్చా?

మదర్ సుపీరియర్‌ని ముందుగా అడగండి. స్కూలు పరీక్షలప్పుడు, సాయంత్రం ప్రార్థన వేళలో వద్దు. శనివారం పదకొండు తర్వాత మంచిది. చాపెల్లో చెప్పులు బయట విప్పండి, ఫ్లాష్ వేయకండి. సిస్టర్లు ఉండే వైపుకు బయటివాళ్లను రానివ్వరు, బతిమాలొద్దు. ఉన్నవాళ్లలో పెద్ద సిస్టర్ ఎవరో కనుక్కుని ఆమెతోనే మాట్లాడండి. పటం ఎవరిచ్చారో పుస్తకంలో లేకపోయినా, ఇచ్చినవాళ్ల అమ్మాయి ఏ బ్యాచ్‌లో చదివిందో ఆమెకు గుర్తుంటుంది.